బండి మీద తీగ: ఎడారికి ఒకటి, కొండకు ఒకటి

ఆస్ట్రేలియా మధ్యభాగంలో సింప్సన్ ఎడారి ఉంది. పడమటి అంచున డాల్‌హౌసీ ఊటల దగ్గర బయలుదేరి తూర్పున బర్డ్స్‌విల్ చేరాలంటే వెయ్యికి పైగా ఇసుక దిబ్బలు ఎక్కి దిగాలి. అవన్నీ ఇంచుమించు ఉత్తర దక్షిణాలుగా, పక్కపక్కనే బారులు తీరి ఉంటాయి. బాట ఒక్క బండి పట్టేంతే. దిబ్బ కొస దగ్గరపడేసరికి డ్రైవరుకు కనిపించేవి బానెట్టూ ఆకాశమూ, అంతే. సరిగ్గా అప్పుడే అవతలి వైపు నుంచి ఇంకో బండి ఎక్కుతుంటే ఇద్దరూ కొసన ఢీకొంటారు. అందుకే అక్కడికి వెళ్లే ప్రతి బండికీ పొడవాటి కర్ర మీద ఎర్రటి జెండా కడతారు. జెండాతో పాటు రేడియో కూడా ఉంటుంది. పదో ఛానెల్‌లో పెట్టుకుని, ‘రెండు బండ్లు, తూర్పుకు వస్తున్నాం’ అని చెప్పుకుంటూ సాగుతారు.

ఈ రేడియోను అక్కడ యు.హెచ్.ఎఫ్. సి.బి. అంటారు. 1977లో మొదలైంది. అప్పట్లో 40 ఛానెళ్లు, 2011 నుంచి 80. అన్నీ 477 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కలే, ఒకే ఒక్క మెగాహెర్ట్జ్ వెడల్పులో ఇమిడిపోయాయి. ఎవరైనా కొనుక్కోవచ్చు, సొంతంగా లైసెన్సు తీసుకోనక్కర్లేదు. లారీల వాళ్లది 40వ ఛానెల్. 5, 35 ఛానెళ్లను ఆపద సమయాలకే కేటాయించారు, వాటిలో కబుర్లు చెప్పుకోవడం చట్టరీత్యా తప్పు. ఇంకో నియమం కూడా ఉంది: సెట్టు పంపే శక్తి 5 వాట్లు దాటకూడదు.

ఈ చివరి నియమమే మన కథకు ఆధారం. చవక సెట్టుకైనా ఖరీదైన సెట్టుకైనా గరిష్ఠం ఆ 5 వాట్లే. ఇక మాట ఎంత దూరం పోవాలన్నది యాంటెన్నా మీద, దాన్ని బిగించిన తీరు మీద ఆధారపడుతుంది. దుకాణానికి వెళ్తే వరసగా 2.1, 3, 4.5, 6.6, 9 అని అంకెలు వేసిన యాంటెన్నాలు కనిపిస్తాయి. అంకె పెరిగినకొద్దీ తీగ పొడవూ, సాధారణంగా ధరా పెరుగుతాయి. మొదటిసారి కొనేవాడి చెయ్యి సహజంగా 9 మీదకే పోతుంది. ఆ చెయ్యి ఎప్పుడు సరైన చోట పడింది, ఎప్పుడు తప్పు చోట పడింది అన్నదే ఈ అధ్యాయం.

తీగ పొడవు లెక్క

యాంటెన్నా పొడవును తరంగం పొడవు నిర్ణయిస్తుంది. రేడియో తరంగం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. 477 మెగాహెర్ట్జ్‌కు అది సుమారు 63 సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 16 సెంటీమీటర్లకు కాస్త తక్కువ పొడవున్న కడ్డీ ఉంటే చాలు, ఆ పౌనఃపున్యం దగ్గర అది చక్కగా అనునాదం చెందుతుంది. అమెరికాలో లారీ డ్రైవర్లు వాడే పాత సి.బి. రేడియో 27 మెగాహెర్ట్జ్‌ది. దాని తరంగం 11 మీటర్లు, అందులో నాలుగో వంతు రెండున్నర మీటర్లు దాటుతుంది. ఆ లారీల మీద ఆడే నిలువెత్తు కడ్డీలు అందుకే అంత పొడవు. 1890లలో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో జగదీశ్ చంద్ర బోస్ మిల్లీమీటర్లలో కొలిచే తరంగాలతో ప్రయోగాలు చేశాడు. ఆయన పరికరాలు బల్ల మీద సరిపోయేంత చిన్నవి కావడానికి కారణమూ ఇదే.

అదే కాలంలో ఇటలీలో మార్కోనీ మరో దారి పట్టాడు. 1895లో బొలోన్యా దగ్గర తన ఇంటి తోటలో, తీగ ఒక కొసను ఎత్తులో కట్టి రెండో కొసను నేలలో పాతాడు. దాంతో సంకేతం అందే దూరం ఒక్కసారిగా పెరిగింది. కొండ అవతలికి కూడా అందిందని, ఆ సంగతి తుపాకీ పేల్చి తెలియజేశారని చెబుతారు. తీగలో సగం గాలిలో ఉంటే మిగతా సగం పని నేల చేసిపెట్టింది.

బండి మీద నేల పని చేసేది లోహపు టాపు. 16 సెంటీమీటర్ల కడ్డీని ఇనుప టాపు నడిమధ్య నిలబెడితే, కడ్డీలో కరెంటు పైకి కిందికి ఊగుతున్నప్పుడు దానికి జోడీ కరెంటు టాపు రేకులో నలుదిక్కులా పరుచుకుంటుంది. దీన్నే గ్రౌండ్ ప్లేన్ అంటారు. అంటే మనం దుకాణంలో కొన్నది సగం యాంటెన్నా మాత్రమే, రెండో సగం బండే. టాపు గుడ్డదో ఫైబర్‌దో అయితే ఆ రెండో సగం లేనట్టే. అయస్కాంతం అడుగున్న యాంటెన్నా అలాంటి టాపుకు అంటుకోదు కూడా.

9 అనే అంకె అర్థం

దుకాణంలో వేసిన అంకెలు గెయిన్‌కు సంబంధించినవి, డెసిబెల్స్‌లో. డెసిబెల్స్ లెక్క కూడికతో పోదు, రెట్లతో పోతుంది. 3 డెసిబెల్స్ అంటే రెండు రెట్లు, 6 అంటే నాలుగు రెట్లు, 9 అంటే ఎనిమిది రెట్లు. ఏ దిక్కుకూ మొగ్గకుండా అన్ని వైపులా సమానంగా వెదజల్లే ఊహా యాంటెన్నా ఒకటి పెట్టుకుని, దానితో పోల్చి ఈ అంకె చెబుతారు. కొన్ని కంపెనీలు ఆ ఊహా యాంటెన్నాతో కాకుండా సగం తరంగం పొడవున్న డైపోల్‌తో పోలుస్తాయి. అప్పుడు అదే సరుకుకు అంకె 2.15 తక్కువ వస్తుంది. రెండు పెట్టెల మీద అంకెలు పోల్చేముందు ఏ కొలతతో చెప్పారో చూసుకోవాలి.

5 వాట్ల సెట్టుకు 9 డెసిబెల్స్ యాంటెన్నా పెడితే 40 వాట్లు అవుతుందా? అవుతుంది, కానీ దిగంతం వైపుకే. యాంటెన్నాలో బ్యాటరీ లేదు, ఆంప్లిఫయర్ లేదు. అది కొత్తగా శక్తిని పుట్టించదు, ఉన్న శక్తి ఆకారం మారుస్తుందంతే. పిండిముద్ద ఒకటే. కాస్త వత్తితే పూరీ, ఇంకా వత్తితే అప్పడం. వెడల్పు పెరిగినకొద్దీ మందం తగ్గుతుంది, పిండి మాత్రం అంతే ఉంటుంది.

తక్కువ గెయిన్ ఉన్న పొట్టి కడ్డీ సంకేతాన్ని చుట్టూతా బోలెడు మందంతో పంపుతుంది. కొంత నేల మీదుగా పోతుంది, కొంత కొండ వైపుకు, ఇంకొంత ఆకాశం వైపుకు. 6 డెసిబెల్స్ దాటిన యాంటెన్నాలో ఆ మందం సుమారు పాతిక డిగ్రీలకు తగ్గుతుంది. 9 డెసిబెల్స్‌కు వచ్చేసరికి 15 డిగ్రీల లోపే. పైకీ కిందికీ పోవాల్సినదంతా కోసేసి, దిగంతం వైపు పల్చగా, దూరంగా పరుస్తుందన్నమాట.

ఇది ఎలా సాధ్యమో పొడవాటి యాంటెన్నాను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. చాలావాటికి నడుమ ఒకచోటో రెండుచోట్లో ఉబ్బెత్తుగా ఉంటుంది, లేదా తీగ చుట్టలు చుట్టుకుని ఉంటుంది. ఒకదాని మీద ఒకటి నిలబెట్టిన చిన్న చిన్న యాంటెన్నాల మధ్య లంకె అది. అన్నిటిలోనూ కరెంటు ఒకే లయలో ఊగేలా ఆ చుట్టలు చూసుకుంటాయి. పక్కకు పోయే తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి బలపడతాయి. పైకి పోయేవి ఒకదానినొకటి చెరిపేసుకుంటాయి. ఎక్కువ గెయిన్ కావాలంటే ఎక్కువ అంతస్తులు కావాలి, అందుకే 9 డెసిబెల్స్ యాంటెన్నా రెండు మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది.

ఇంకో మంచి సంగతి: యాంటెన్నా నోరు ఎంత పెద్దదో చెవీ అంతే పెద్దది. పంపడంలో ఎన్ని రెట్ల మేలు చేస్తుందో, అందుకోవడంలోనూ అన్ని రెట్ల మేలు చేస్తుంది. సెట్టు వాట్లు పెంచితే మన మాట దూరం పోతుంది కానీ ఎదుటివాడి మాట మనకు వినపడడంలో మార్పుండదు.

చదును నేలా, వాలు నేలా

పల్చటి ఆకారానికి చదునైన నేల కావాలి. ఆస్ట్రేలియా దక్షిణాన నల్లార్బర్ మైదానం ఉంది. చెట్టూ చేమా దాదాపు లేని సున్నపురాతి నేల. అక్కడ వందల కిలోమీటర్లు చదునుగా పోయే రోడ్డు మీద, దూరంగా వస్తున్న లారీని పలకరించాలంటే పొడవాటి యాంటెన్నాను మించింది లేదు. శక్తిని ఆకాశానికి పంపి చేసేదేముంది?

అదే యాంటెన్నాతో విక్టోరియా రాష్ట్రపు కొండలకు పోతే కథ అడ్డం తిరుగుతుంది. ఒక బండి లోయలో, ఒకటి గట్టు మీద. గట్టు మీదివాడు పంపిన పల్చటి సంకేతం లోయలోని వాడి తలమీదుగా దాటిపోతుంది. ఇక్కడ కొంత పైకీ కొంత కిందికీ చిమ్మే పొట్టి యాంటెన్నాయే మేలు. రాళ్లనూ కొండ చరియలనూ తాకి ఎగిరిన ముక్కలేవో మలుపు అవతలి వాడికి చేరే అవకాశమూ దానితోనే ఎక్కువ.

ఇక ఇసుక దిబ్బ. చూడ్డానికి ఎడారి చదునే అనిపిస్తుంది, కానీ బండి చదునుగా ఉండేది తక్కువ. 20 డిగ్రీల వాలు ఎక్కుతున్న బండితో పాటు యాంటెన్నా కూడా 20 డిగ్రీలు వెనక్కి వాలుతుంది. 9 డెసిబెల్స్ దాని సంకేతం దిగంతానికి పైన ఏడెనిమిది డిగ్రీలు, కింద ఏడెనిమిది డిగ్రీలు మాత్రమే వ్యాపిస్తుంది కదా. బండి వాలగానే ముందువైపుకు పోవాల్సింది ఆకాశంలోకి, వెనక్కి పోవాల్సింది ఇసుకలోకి. పక్కలకు పోయేది మాత్రం దిగంతం మీదే ఉంటుంది. కానీ దిబ్బ అవతల ఎదురొచ్చే బండి ముందువైపునే ఉంది! హెచ్చరిక అందాల్సిన ఆ ఒక్క క్షణంలో, ఆ ఒక్క దిక్కుకు సంకేతం పలుచబడిపోతుంది. దిబ్బల మీద చాలామంది 6 డెసిబెల్స్ దగ్గరో, అంతకు దిగువనో ఆగిపోవడం అందుకే తెలివైన పని.

ఎత్తు ముందు గెయిన్ చిన్నబోతుంది

477 మెగాహెర్ట్జ్ తరంగాలు దాదాపు చూపు వెళ్లే దారినే పోతాయి. గాలి పొరలు వాటిని కొద్దిగా నేల వైపు వంచుతాయి కాబట్టి కంటికి కనిపించే దిగంతాన్ని కాస్త దాటుతాయి. లెక్క సులువు: యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.1తో గుణిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. 2 మీటర్ల ఎత్తుకు సుమారు 5.8 కిలోమీటర్లు. ఎదుటి బండి యాంటెన్నా కూడా అదే ఎత్తులో ఉంటే రెండూ కలిపి 12 కిలోమీటర్ల లోపు. అదీ నడుమ చెట్లూ గుట్టలూ లేకపోతేనే.

బర్డ్స్‌విల్ దగ్గర బిగ్ రెడ్ అనే పెద్ద దిబ్బ సుమారు 40 మీటర్లు ఉంటుంది. దాని కొసకెక్కి బండి ఆపితే యాంటెన్నా ఎత్తు 42 మీటర్లు. దిగంతం దాదాపు 27 కిలోమీటర్లకు జరుగుతుంది. కింద మైదానంలో ఉన్న బండి తాలూకు 5.8 కలిపితే 32 కిలోమీటర్లు దాటింది. యాంటెన్నా మార్చలేదు, వాట్లు పెంచలేదు. ఎడారిలో చిక్కుకుని సాయం కోసం పిలవాల్సి వస్తే, ముందు ఎత్తైన చోటికి వెళ్లి పిలవమనడం వెనక ఉన్న లెక్క ఇదే.

చిన్న ఎత్తులూ తక్కువవేమీ కావు. నేలకు దగ్గరగా పోయే తరంగం రెండు దారుల్లో చేరుతుంది. ఒకటి నేరుగా, రెండోది నేలకు తగిలి ఎగిరి. ఈ రెండోది తలకిందులై వస్తుంది కాబట్టి మొదటిదాన్ని చాలావరకు చెరిపేస్తుంది. ఫలితంగా దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతుకు కాదు, పదహారో వంతుకు పడిపోతుంది. అంటే 3 నుంచి 9 డెసిబెల్స్‌కు మారి నాలుగు రెట్లు సంపాదించినా, దూరం పెరిగేది ఒకటికి 1.4 రెట్లే. 10 కిలోమీటర్లు 14 అవుతుంది, అదీ దిగంతం ఒప్పుకుంటే.

ఇదే లెక్కలో ఇంకో సంగతి దాగి ఉంది. చదును నేల మీద యాంటెన్నా ఎత్తును రెట్టింపు చేస్తే అందే శక్తి నాలుగు రెట్లవుతుంది. ఒక మీటరు ఎత్తున్న ముందు బంపర్ నుంచి రెండు మీటర్ల టాపు మీదకు మార్చినా 6 డెసిబెల్సే. పొడవాటి తీగకు డబ్బు పోసి కొనే లాభం, ఉన్న పొట్టి తీగను పైకి మారిస్తేనే వచ్చేస్తుంది.

ఎక్కడ బిగించాలి?

టాపు నడిమధ్య అన్నది పుస్తకం చెప్పే జవాబు. ఎత్తూ దక్కుతుంది, గ్రౌండ్ ప్లేనూ నలువైపులా సమానంగా దొరుకుతుంది. కానీ అక్కడ పడక డేరాలు, సామాను రాక్‌లు ఉంటాయి, చెట్ల కొమ్మలు తగులుతాయి. కారు టాపుకు కన్నం పెట్టడానికి మనసొప్పని వాళ్లూ ఉంటారు.

ఆస్ట్రేలియాలో ఎక్కువ యాంటెన్నాలు కనిపించేది బుల్ బార్ మీద. కంగారూలు అడ్డొస్తాయని బండి ముందు బిగించే బలమైన లోహపు చట్రం అది. బిగించడం తేలిక, కేబుల్ దారి దగ్గర. నష్టం మాత్రం రెండు రకాలు. ఒకటి, ఎత్తు తక్కువ. బండి శరీరం వెనకవైపుకు అడ్డం, కాబట్టి కాన్వాయ్‌లో వెనకొచ్చే వాడికి మన మాట బలహీనంగా అందుతుంది. రెండోది, అక్కడ గ్రౌండ్ ప్లేన్ అనదగ్గ రేకు లేదు. అందుకే ఆ చోటుకు గ్రౌండ్ అవసరం లేని యాంటెన్నాలు తయారుచేస్తారు. వీటిలో కింది సగం కూడా తీగలోనే ఇమిడి ఉంటుంది. తరంగాలు వెలువడే భాగం అడుగున కాకుండా కాస్త పైనుంచి మొదలవుతుంది. బుల్ బార్ మీద పెట్టాలనుకుంటే పెట్టె మీద ఈ గుణం ఉందో లేదో చూడడం, గెయిన్ అంకె చూడడం కంటే ముఖ్యం.

అంచున బిగించిన యాంటెన్నాకు ఇంకో అలవాటు ఉంటుంది. లోహం ఎటువైపు ఎక్కువగా పరుచుకుని ఉందో సంకేతం అటు మొగ్గుతుంది. 27 మెగాహెర్ట్జ్ యాంటెన్నాను వెనక ఎడమ మూలన బిగిస్తే, బండి మీదుగా ముందు కుడి మూల వైపు మాట బాగా పోతుంది.

మధ్యలో పోయే శక్తి

సెట్టుకూ యాంటెన్నాకూ మధ్య ఉండే కోయాక్సియల్ కేబుల్‌ను ఎవరూ పట్టించుకోరు. సన్నటి ఆర్.జి. 58 రకం కేబుల్ 477 మెగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు దాదాపు మూడో వంతు డెసిబెల్ తినేస్తుంది. 5 మీటర్లు లాగితే 1.7 డెసిబెల్స్ పోయాయి. సెట్టు నుంచి బయలుదేరిన 5 వాట్లలో యాంటెన్నాకు చేరేది 3.4 వాట్లు, మిగతాది కేబుల్‌లో వేడి. సీటు కింద మిగులు కేబుల్ చుట్ట పెట్టారంటే ఆ చుట్టలో పోయే శక్తికి కూడా మీరే డబ్బు పెట్టారన్నమాట. 27 మెగాహెర్ట్జ్ దగ్గర ఇదే కేబుల్ తినేది చాలా తక్కువ, అందుకే పాత సి.బి. వాళ్లు చెప్పే కేబుల్ సలహాలు ఇక్కడ పనిచేయవు.

మరో కొలత ఎస్.డబ్ల్యూ.ఆర్. సెట్టు పంపిన శక్తిలో యాంటెన్నా తీసుకోకుండా వెనక్కి నెట్టేది ఎంతో ఇది చెబుతుంది. 1.5 ఉంటే వెనక్కొచ్చేది 4 శాతం, 2 ఉంటే 11, 3 ఉంటే 25 శాతం. 1.5 లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. 3కు చేరితే మాట్లాడడం ఆపి, అడుగున బిగింపూ కనెక్టర్లూ చూసుకోవాలి. వెనక్కొచ్చిన శక్తి సెట్టునే దెబ్బతీయవచ్చు.

అలాగని తక్కువ ఎస్.డబ్ల్యూ.ఆర్. చూసి మురిసిపోకూడదు. తీగ స్థానంలో 50 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టినా మీటరు 1 అని అద్భుతంగా చూపిస్తుంది. కానీ ఒక్క మాటా బయటికి పోదు, అంతా వేడిగా మారిపోతుంది. ఎక్కువ శక్తి తినే పొడవాటి నాసిరకం కేబుల్ కూడా మీటరును ఇలాగే మోసం చేస్తుంది. వెళ్లిన శక్తి అక్కడే చస్తుంది కాబట్టి తిరిగొచ్చేది ఏమీ ఉండదు. తిరిగి రాలేదని మీటరు చెప్పగలదు, బయటికి పోయిందని చెప్పలేదు.

తీగను కత్తిరించి సర్దడం 27 మెగాహెర్ట్జ్ వాళ్ల పద్ధతి. ఇక్కడ ఆ పని జోలికి పోకపోవడమే మంచిది. 16 సెంటీమీటర్ల కడ్డీలో ఒక మిల్లీమీటరు తీసేస్తే అనునాదం దాదాపు 3 మెగాహెర్ట్జ్ జరుగుతుంది. 80 ఛానెళ్లన్నీ కలిపినా ఒక్క మెగాహెర్ట్జే కదా. కంపెనీ సర్దిపెట్టిన పొడవును అలాగే ఉంచి, బిగింపు సరిచూసుకోవాలి. 27 మెగాహెర్ట్జ్ కోసం చేసిన మీటరుతో 477ను కొలవడమూ పొరపాటే, అది చూపే అంకెలకు అర్థం ఉండదు.

గతుకుల దెబ్బ

ఎడారి బాటల మీద చక్రాల వల్ల చిన్న చిన్న అలల్లా గట్లు కడతాయి. వాటి మీద గంటల తరబడి పోతుంటే బండిలో ప్రతి నట్టూ వదులవుతుంది. రెండు మీటర్ల తీగ ఆ అదురుకు అడ్డదిడ్డంగా ఊగుతుంది. ఊగుతున్న తీగ నుంచి వెలువడే పల్చటి సంకేతమూ పైకీ కిందికీ ఊగుతుంది, వినేవాడికి గొంతు పెరుగుతూ తగ్గుతూ వస్తుంది. కొన్నాళ్లకు తీగ మొదట్లో లోహం అలసి విరుగుతుంది.

అందుకే బరువైన యాంటెన్నాల అడుగున స్ప్రింగ్ పెడతారు. స్ప్రింగ్ మరీ మెత్తగా ఉంటే వేగంలో యాంటెన్నా వెనక్కి వాలుతుంది, మరీ గట్టిగా ఉంటే అదురు నేరుగా బ్రాకెట్ మీద పడుతుంది. ఫైబర్‌గ్లాస్ గొట్టంలో ఉన్న తీగ కొమ్మల దెబ్బకు తట్టుకుంటుంది కానీ బరువెక్కువ. స్టీలు తీగ తేలిక, వంగి లేస్తుంది. అడవి బాటలకు పొట్టిగా, వంగేలా ఉండేదాన్ని ఎంచుకుంటే విరిగే భయం తక్కువ. విరిగిన 9 డెసిబెల్స్ కంటే నిలిచిన 3 డెసిబెల్స్ నయం.

477 చేరలేని దూరం

ఎంత మంచి యాంటెన్నా అయినా దిగంతం దగ్గర ఆగాల్సిందే. అంతకు మించిన దూరానికి ఆస్ట్రేలియా చాలా ముందే ఇంకో దారి కనిపెట్టింది. పాస్టర్ జాన్ ఫ్లిన్ 1928లో క్లాన్‌కరీలో విమాన వైద్య సేవ మొదలుపెట్టాడు. విమానం ఉంది, డాక్టరు ఉన్నాడు, కానీ రోగి ఉన్న పశువుల పెంపక క్షేత్రం నుంచి కబురు అందేదెలా? అక్కడ కరెంటు లేదు. అడిలైడ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ ట్రేగర్ కాళ్లతో పెడల్ తొక్కితే కరెంటు పుట్టే రేడియోను 1929లో పనిలోకి తెచ్చాడు. అవి హెచ్.ఎఫ్. తరంగాలు. పైన అయనోస్ఫియర్ అనే గాలి పొరకు తగిలి వందల కిలోమీటర్ల అవతల దిగేవి.

ఆ తరంగాలకు తగ్గ యాంటెన్నాలు పెద్దవి. 5 మెగాహెర్ట్జ్ తరంగం 60 మీటర్లు, అందులో నాలుగో వంతు 15 మీటర్లు. పశువుల క్షేత్రంలో రెండు స్తంభాల మధ్య తీగ కట్టుకోవచ్చు, బండి మీద కుదరదు. కాబట్టి బండ్లకు చేసే హెచ్.ఎఫ్. యాంటెన్నాలో తీగ చుట్టలతో పొడవు లోటును పూడుస్తారు. శక్తిలో చాలా భాగం ఆ చుట్టల్లోనే వేడైపోతుంది. అయినా పైనుంచి దూకే దారి ఉంది కాబట్టి దూరం చేరుతుంది. ఇప్పుడు చాలామంది ఆ పనికి శాటిలైట్ ఫోన్ పట్టుకెళ్తున్నారు, పక్క బండితో మాటకు మాత్రం 477ను వదల్లేదు.

మన కొండల్లో

పెర్త్‌లోనో మెల్‌బోర్న్‌లోనో స్థిరపడి సెలవులకు ఎడారి బాట పట్టే తెలుగువాళ్లకు పై లెక్క నేరుగా పనికొస్తుంది. ఇక్కడ మాత్రం ఆ సెట్టు తెచ్చి వాడడం చట్టవిరుద్ధం. మన దేశంలో లైసెన్సు అక్కర్లేకుండా వాడుకోడానికి 446 మెగాహెర్ట్జ్ దగ్గర తక్కువ శక్తి వాకీటాకీలకు 2018లో వీలు కల్పించారు. బండి మీద యాంటెన్నా పెట్టి గట్టిగా మాట్లాడాలంటే పరీక్ష రాసి అమెచ్యూర్ రేడియో లైసెన్సు తీసుకోవడం సరైన దారి. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983 నుంచి ఆ విద్య నేర్పుతోంది. అమెచ్యూర్లు ఎక్కువగా వాడే 144–146 మెగాహెర్ట్జ్‌లో నాలుగో వంతు కడ్డీ సుమారు అర మీటరు. మారేడుమిల్లి, అరకు ఘాట్ రోడ్ల మీద, నల్లమల మలుపుల్లో ఆ పొట్టి కడ్డీని ఇనుప టాపు మధ్య నిలబెడితే దాన్ని మించిన ఎంపిక కష్టం. అంతస్తులుగా పేర్చిన పొడవాటి యాంటెన్నా పంపే పల్చటి సంకేతం అక్కడ కొండలకు కొట్టుకోవడమే తప్ప చేసే మేలు తక్కువ.

ఖర్చు వరస, ఒక పరీక్ష

డబ్బు పెట్టాల్సిన వరస దీన్నిబట్టి తేలిపోతుంది. ముందు చోటు: ఎంత ఎత్తులో, ఎంత లోహం మీద. తర్వాత బిగింపూ కేబులూ: గట్టి బ్రాకెట్, పొట్టి కేబుల్, నీరు దూరని కనెక్టర్లు. ఆ తర్వాతే తీగ. కాన్వాయ్‌లో పక్క బండ్లతో మాట్లాడడానికి ఏ తీగైనా చాలు, విరగనిదైతే మేలు. కొండలకు 3 దరిదాపుల్లో, కలగలుపు నేలకు 6, చదును రోడ్ల మీద దూరపు లారీల కోసం 9. ఒకే అడుగుకు మార్చి మార్చి బిగించుకునే రెండు తీగలు కొనుక్కునే సౌకర్యమూ ఉంది. రోడ్డు మీద పొడుగుది, బాట దిగగానే పొట్టిది.

బిగించాక బయలుదేరే ముందు ఒక పరీక్ష చేసుకోవాలి. ఖాళీ మైదానానికి వెళ్లి, స్నేహితుడి బండిని మాట సరిగా అందీ అందని దూరంలో నిలబెట్టండి. మీరు ఉన్నచోటే బండిని మెల్లగా గుండ్రంగా తిప్పుతూ, ముక్కు ఏ దిక్కుకు ఉందో మాట్లాడుతూ చెప్పండి. అవతల అతను సెట్టు మీది సిగ్నల్ గీతలు ఏ దిక్కున ఎన్ని వస్తున్నాయో రాసుకుంటాడు. ఒక దిక్కున గీతలు పడిపోతే బండి శరీరం అడ్డొస్తోందని అర్థం. యాంటెన్నాను ఒక అడుగు పక్కకో పైకో జరిపి, మళ్లీ తిప్పి చూడండి. పెట్టె మీద అచ్చేసిన గెయిన్ కంపెనీ కొలుచుకున్నది. మీ బండి మీద, మీరు బిగించిన చోట అదెంత మిగిలిందో ఆ కాగితం చెబుతుంది.